సభయు తీర్మానమును: ఉత్తరమేరూరు మొదలు చీరాల పేరాల వరకు

ఊరనగా ఇండ్ల సముదాయము మాత్రమే కాదు. పదుగురు ఒక్క చోట కూర్చుండి, పదుగురకును సంబంధించిన పనిని విచారించి, ఒక నిర్ణయమునకు రాగలిగిన నాడే ఇండ్ల సముదాయము ఊరగుచున్నది. చెరువు కట్టకు మన్ను వేయించుట, కాలువ నీటికి వంతులు పెట్టుట, బండ్లబాట బాగుచేయించుట, గుడిమాన్యపు లెక్క చూచుట, ఇవి యన్నియు ఏ యొక్కనివల్లను కాని పనులు. అందరివల్ల కావలసిన పనికి అందరి సమ్మతియు కావలెను; ఆ సమ్మతిని తెలిసికొనుటకు సభ కావలెను. మన పల్లెలలో రావిచెట్టు క్రింది రచ్చబండ ఈ యవసరమునుండి పుట్టినదే.

అయితే సభ యొక్క గొప్పతనము దాని కట్టడమున లేదు. మయుడు పాండవులకు కట్టియిచ్చిన సభ వంటిది లోకమున లేదని భారతము వర్ణించును. అయినను సభాపర్వము చదివినవారి మనస్సున గాఢముగా నిలుచునది మయసభ కాదు, హస్తినాపురమునందలి ద్యూతసభ. అచ్చట రాజు కలడు. భీష్మద్రోణులవంటి పెద్దలు కలరు. మర్యాదకు లోపము లేదు. ఆ సభలోనికి ఈడ్వబడిన ద్రౌపది పెద్దల నొక్క ప్రశ్న యడిగెను. ముందు తన్ను తానే ఓడిపోయినవానికి పిమ్మట భార్యను పణముగా నొడ్డు అధికారము కలదా యన్నదే ఆ ప్రశ్న. విదురుడును, కౌరవులలో వికర్ణుడును తప్ప ధర్మము పలికినవారు లేరు. తక్కినవారు తలలు వంచుకొనిరి. ఒక ప్రశ్నకు సమాధానము చెప్పజాలని సభ ఒక వంశమునే ముంచెను.

కావున ఏ సభనైనను పరీక్షించుటకు ఒక గీటురాయి యున్నది. ఆ సభ యెంత పెద్దదని కాదు, అందెవరెవరు ఆసీనులైరని కాదు. దాని నిర్ణయమునకు లోబడవలసిన వాని ప్రశ్నకు అచ్చట సమాధానము దొరకునా యని చూడవలెను. ఈ గీటురాతిపై రెండు ఊళ్ళ చరిత్రము నిచట గీసి చూడవచ్చును. ఒకటి వేయి సంవత్సరములనాటి తమిళదేశపు అగ్రహారము. రెండవది నూరేండ్ల క్రిందటి మన తెలుగునాటి చేనేత పట్టణము.

ఉత్తరమేరూరు శాసనములు

కాంచీపురమునకు సమీపమున ఉత్తరమేరూరను ఊరు కలదు. అచ్చటి వైకుంఠ పెరుమాళ్ళ దేవాలయపు గోడలపై మొదటి పరాంతక చోళుని కాలపు శాసనములు రెండు చెక్కబడియున్నవి. అవి ఆ రాజు పరిపాలనలో 12వ యేటను, 14వ యేటను, అనగా క్రీ.శ. 919, 921 సంవత్సరములలో వెలసినవి. రాజుల దండయాత్రలును, దానధర్మములును తెలుపు శాసనములు మన దేశమున వేలకొలది కలవు. ఒక ఊరివారు తమ సభ్యుల నెట్లెన్నుకొనవలెనో తామే నియమము చేసికొని రాతిపై చెక్కించుకొన్న శాసనములు మాత్రము అరుదు. అందుచేతనే చరిత్రకారులు వీనిని మిక్కిలి విలువైనవిగా నెంచిరి.

ఆ యూరు 30 వాడలుగా విభజింపబడియుండెను. ఒక్కొక్క వాడలో అర్హులైనవారి పేర్లను తాటాకు ముక్కలపై వ్రాసి, కట్టగట్టి, కుండలో వేయుదురు. పిన్న పెద్ద లందరును సభ తీరిన సమయమున, అర్చకులలో వృద్ధుడైనవాడు ఆ కుండను అందరికిని కనబడునట్లు పైకెత్తి పట్టుకొనును. లోపల నేమున్నదో యెరుగని చిన్న పిల్లవానిచే ఒక్కొక్క ఆకును తీయింతురు. దాని నందుకొనువాడు అయిదు వ్రేళ్ళను చాచి, అరచేయి విప్పి పట్టవలెను. మరియొక ఆకు చేతిలో దాచుకొనలేదని సభకు తెలియుటకే ఈ నియమము. అతడు చదివిన పేరును అచ్చటి అర్చకులందరును తిరిగి చదువవలెను. ఇంతటి జాగ్రత్త వహించిన పూర్వులను చూచి నేటివారు నేర్చుకొనదగిన దెంతయో కలదు.

ఎన్నికైనవారిని సంఘములుగా ఏర్పరచిరి. సంవత్సర సంఘమునకు 12 మంది, తోటల సంఘమునకు 12 మంది, చెరువు సంఘమునకు ఆరుగురు, బంగారు సంఘమునకు ఆరుగురు. వారి అధికారము 360 దినములు మాత్రమే. అభ్యర్థి పన్ను చెల్లించు భూమి కలవాడై, సొంత స్థలమున ఇల్లు కట్టుకొన్నవాడై, 35 సంవత్సరములకు పైబడి 70 సంవత్సరములు దాటనివాడై యుండవలెనని రెండవ శాసనము విధించెను. గడచిన మూడు సంవత్సరములలో ఏ సంఘమునందైనను పనిచేసినవాడు తిరిగి పనికిరాడు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము లెక్కకు సంబంధించినది. ఒకప్పుడు సంఘములో నుండి లెక్క అప్పగింపని వానికి మరల ఎన్నికయగు హక్కు లేదు. అతనికే కాదు, శాసనమున పేర్కొనబడిన అతని దగ్గరి బంధువులకును లేదు. ఊరి లెక్క వ్రాయువాడు న్యాయార్జితము కలవాడై యుండవలెను. తాను వ్రాసిన లెక్కను తానే స్వయముగా పెద్దల యెదుట ఒప్పగింపవలెను. ఒకని లెక్కను మరియొకడు ముగించుటకు వీలులేదు. అతడు శుద్ధుడని పెద్దలు తేల్చినంతవరకు మరల ఆ యుద్యోగ మతనికి దొరకదు. ధనము చేతులు మారుచోట మాట చాలదనియు, లెక్క కావలెననియు ఆ యూరివారు వేయి యేండ్ల క్రిందటనే గ్రహించిరి.

అయితే సత్యమును పూర్తిగా చెప్పవలెను. అది బ్రాహ్మణాగ్రహారపు సభ. వేదాధ్యయనము అర్హతగా విధింపబడిన ఆ సంఘములలో పొలము దున్నినవారికిని, మగ్గము నేసినవారికిని, స్త్రీలకును చోటు లేదు. చెరువు సంఘము నీరు విడిచినచో ఆ నీటిపై బ్రదుకువారు వేరు, సంఘమున కూర్చుండువారు వేరు. లెక్కవిషయమున ఆదర్శప్రాయమైన ఆ సభ, ప్రశ్న అడుగువారి విషయమున ఇరుకైనది. పూర్వులను గౌరవించుట యనగా వారి గుణమును స్వీకరించుటయే కాని, వారి కొరతను కప్పిపుచ్చుట కాదు.

రచ్చబండ నుండి బోర్డు వరకు

తెలుగుసీమలోను గ్రామవ్యవహారమునకు కట్టుబాట్లుండెను. రెడ్డి, కరణము, తలారి మొదలుగా గల పన్నిద్దరు ఆయగాండ్రు ఊరి పనులను నిర్వహించుచు, పంటలో ఆయము పొందుచుండిరి. పన్ను విషయమున ప్రజలకు ముందుగా తెలియజెప్పు మర్యాదకు మోటుపల్లి శాసనము చక్కని తార్కాణము. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో ఆ రేవుపట్టణమున వేయించిన అభయశాసనమున, ఓడ పగిలి ఒడ్డున పడిన వర్తకుల సరకును రాజు లాగుకొనడనియు, నిర్ణీతమైన సుంకమును మాత్రమే గ్రహించుననియు ప్రకటించెను. ఎంత యిచ్చుకొనవలెనో రాతిపై చదువుకొనగలిగినపుడు ఇచ్చువానికి భయముండదు. ఈ మోటుపల్లి చీరాల ప్రాంతపు సముద్రతీరముననే కలదు.

ఆంగ్లేయుల పరిపాలనలో గ్రామపు కట్టుబాట్లు సడలి, అధికారము కలెక్టరు కచేరికి చేరెను. తరువాత రోడ్లకును, ఆసుపత్రులకును, బడులకును సొమ్ము కావలసివచ్చినపుడు ప్రభుత్వమువారు స్థానికపు పన్నులను గూర్చి ఆలోచించిరి. 1871 నాటి మద్రాసు స్థానికనిధుల చట్టముతో కలెక్టరు అధ్యక్షతన బోర్డు లేర్పడెను. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమునుగూర్చి తీర్మానము ప్రకటించెను. స్థానిక సంస్థలు పనులు చక్కబెట్టుటకు మాత్రమే కాక, ప్రజలకు రాజకీయవిద్య నేర్పుటకును సాధనములని ఆయన భావించెను. ఆ తీర్మానమును అనుసరించి 1884లో మద్రాసు రాజధానిలో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, వాని క్రింద గ్రామములను కలిపిన యూనియనులు ఏర్పడెను. పట్టణములకు మునిసిపాలిటీల చట్టము వేరుగా వచ్చెను.

పేరు స్వపరిపాలనమే. కాని చాలకాలము అధ్యక్షులును సభ్యులును ఎక్కువగా ప్రభుత్వము నియమించినవారే. సభలో నెవ్వరుండవలెనో పైవారు నిర్ణయింతురు. పన్ను మాత్రము క్రిందివారు చెల్లింతురు. ఈ రెంటికిని నడుమ నున్న అగాధము ఒకానొక దినమున బయటపడక తప్పదు. అది బయటపడిన చోటు చీరాల.

చీరాల పేరాల

చీరాలయు పేరాలయు గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో ఒకదాని నొకటి ఆనుకొనియున్న ఊళ్ళు. రెంటను కలిపి జనసంఖ్య సుమారు 15,000. మగ్గముపై బ్రదుకు సాలెవారును, చిన్న రైతులును, వర్తకులును అచ్చటి జనులు. ఈ ఊళ్ళు అదివరకు యూనియనుగా నుండెను. 1919లో ప్రభుత్వము వీనిని కలిపి మునిసిపాలిటీగా మార్చుటకు నిశ్చయించెను.

ప్రభుత్వపు వాదమున సారము లేకపోలేదు. జనము పెరిగినకొలది మంచినీరు, మురుగుకాలువలు, వీధిదీపములు, పారిశుద్ధ్యము కావలెను; వానికి సొమ్ము కావలెను. ఇది కాదనదగిన మాట కాదు. కాని ప్రజల ప్రశ్న వేరు. ఆ సౌకర్యములు మాకు వచ్చునా, వచ్చినను ఇంత భారము మేము మోయగలమా యని వారడిగిరి. యూనియనుగా నున్నపుడు పన్ను సాలుకు సుమారు 4,000 రూపాయలు. మునిసిపాలిటీగా మారినచో 40,000 రూపాయల వరకు పెరుగునని ఆ ఉద్యమ చరిత్రము చెప్పుచున్నది.

ఈ యంకెలను తలకు వేసి చూచిన విషయము తేటపడును. 15,000 మందికి 4,000 రూపాయలనగా తలకు నాలుగణాల మూడు పైసలు. 40,000 రూపాయలనగా తలకు రెండు రూపాయల పదియణాల ఎనిమిది పైసలు. అయిదుగురున్న కుటుంబమునకు సగటున ఒక రూపాయి అయిదణాల నాలుగు పైసలు పోయి, పదుమూడు రూపాయల అయిదణాల నాలుగు పైసలు వచ్చి మీద పడును. పన్ను అందరిపై సమముగా పడదనుట నిజమే. అయినను నేతపనివాని యింట పది రెట్లనుమాట ఎట్లు వినబడియుండునో ఊహింపవచ్చును.

ప్రజలు మహజరులు పెట్టుకొనిరి. అర్జీలు పైకి పోయెను. మునిసిపాలిటీ మాత్రము నిలిచెను. ప్రజాభిప్రాయమునకు తలయొగ్గి కౌన్సిలు సభ్యులు రాజీనామాలిచ్చిరి. అంతట ప్రభుత్వము జీతముగల యధికారిని అధ్యక్షునిగా నియమించి పని నడిపెను. ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. సభ్యులు లేరు, సభ లేదు, అయినను తీర్మానము లున్నవి, పన్నుల జాబితాలున్నవి, వసూలు చేయు బంట్రోతులున్నారు. ప్రాణము పోయిన దేహమునకు ఉడుపులు తొడిగి నడిపింపజూచినట్లున్నది ఆ పరిస్థితి.

ప్రజలు పన్ను నిరాకరించిరి. 1921 ఆరంభమున కొందరిపై అభియోగములు నడచి, శిక్షలు పడెను. చెరసాలకు పోయినవారిలో ఒక స్త్రీయు నుండెను. అప్పటికి మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణముల ననుసరించి స్థానిక స్వపరిపాలనశాఖ మన దేశీయ మంత్రుల చేతికి వచ్చియుండెను. ఆ మంత్రి తెలుగువారే, పానగల్లు రాజా పానుగంటి రామరాయణింగారు. పరభాషావారు మన మాట తెలియక నిరాకరించిరని సరిపెట్టుకొనుటకైనను వీలులేకపోయెను. ప్రశ్న వినని సభకు భాషతో పనిలేదు.

ఈ పోరాటమునకు నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన 1889లో పెనుగంచిప్రోలున జన్మించి, స్కాట్లండునందలి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమందిన పండితుడు. పాటయు, పద్యమును, హాస్యమును కలిపి సామాన్యజనుల హృదయమును కదలింపగల వక్త. ఆయన యేర్పరచిన రామదండు అను స్వచ్ఛందసేవకుల బృందము క్రమశిక్షణకు పేరుగాంచెను.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘపు సమావేశము జరిగెను. దానికి వచ్చిన గాంధీమహాత్ముడు ఏప్రిల్ 6వ తేదీన చీరాలకు వచ్చెను. ఆయన ప్రజలకు రెండు మార్గములు చూపెను. మొదటిది, ఊరిలోనే యుండి, ఏ దౌర్జన్యమునకును దిగక, పన్ను చెల్లింపక కష్టములు సహించుట. రెండవది, మునిసిపాలిటీ యెల్లలు దాటి వెలుపల నివసించుట. మనుష్యులు లేని చోట మునిసిపాలిటీకి పనిలేదు. ఏ మార్గము త్రొక్కినను అది తమ శక్తిపై ఆధారపడియే చేయవలెననియు, కాంగ్రెసునుండి ధనసహాయము నాశింపరాదనియు ఆయన ముందుగానే హెచ్చరించెను.

రామనగరము

చీరాల ప్రజలు కఠినమైన రెండవ మార్గమునే ఎన్నుకొనిరి. ఆ వేసవిలో, రోహిణి యెండలు రాబోవు సమయమున, సుమారు 15,000 మందిలో ఇంచుమించు 13,000 మంది ఇండ్లు విడిచి, మునిసిపాలిటీ సరిహద్దు వెలుపల పాకలు వేసికొనిరి. నూటికి ఎనుబదియారుగురు వెడలిపోయిరన్నమాట. ఆ పాకల పట్టణమునకు రామనగరమని పేరుపెట్టిరి. తాతలనాటి ఇంటికి తాళము వేసి, మగ్గమును విప్పి బండికెత్తి, పసిపిల్లలతో ముసలివారితో పాకలో కాపురము పెట్టుట సామాన్యమైన విషయము కాదు. కలిగినవాడును లేనివాడును ఒకే తాటాకు క్రింద తలదాచుకొనిరి.

రామనగరములో ప్రజలు తమ వ్యవహారములను తామే చక్కబెట్టుకొన సాగిరి. వివాదములు పంచాయతీచే తీర్చుకొనిరి. రామదండువారు కాపలా కాచిరి. పన్ను వేయు ప్రభుత్వమును వదలిపోయిన జనము, సభను మాత్రము వదలిపెట్టలేదు. తమకు సభ వలదని కాదు, తమ మాట విను సభ కావలెనని వారి కోరిక. రామనగరపు చరిత్రమున గ్రహింపవలసిన రహస్య మిదియే.

పదునొకండు నెలలు ఆ కష్టము సాగెను. ఎండయు, వానయు, చలియు పాకల మీదుగా గడచెను. నిధులు సేకరించుటకై గోపాలకృష్ణయ్య బరంపురమునకు పోగా, ఉపన్యసింపరాదని అధికారులు నిషేధాజ్ఞ యిచ్చిరి. ఆయన దానిని మన్నింపనందున ఒక సంవత్సరము శిక్ష పడి, తిరుచిరాపల్లి చెరసాలకు పంపబడెను. నాయకుడు దూరమయ్యెను, చేతిసొమ్ము కరగెను, 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన పిమ్మట దేశమంతటను సహాయనిరాకరణ వేగము తగ్గెను. తుదకు ప్రజలు తమ ఇండ్లకు మరలిరి. గోపాలకృష్ణయ్య 1928లో, నలుబది యేండ్లు నిండకమునుపే పరమపదించెను.

ఓడిపోయిరి గదా యని కొంద రనవచ్చును. లెక్క వ్రాయువాడు జమను, ఖర్చును రెంటిని చూడవలెను. ఖర్చు వైపున పదునొకండు నెలల నష్టము, ఆకలి, రోగము, చెరసాల కలవు. జమ వైపున ఒక సత్యము కలదు. ఊరును గీత గీసి మునిసిపాలిటీ యని పేరు పెట్టవచ్చును, అధ్యక్షుని నియమింపవచ్చును, పన్ను జాబితా వ్రాయవచ్చును. కాని ప్రజల సమ్మతి లేనిచో అది కాగితముపై ఊరే కాని నేలపై ఊరు కాదు. దీనిని నిరూపించుటకు ఆ నేతగాండ్రు కత్తి యెత్తలేదు, కచేరి తగులబెట్టలేదు. తలుపులు మూసి వెడలిపోయిరి.

ఈ చరిత్రమున ప్రజలు నేర్చుకొనవలసిన పాఠమును కలదు. మహానాయకుడొక్కడు చెరసాలకు పోవుటతో సడలిపోవు కట్టు చిరకాలము నిలువదు. ఉత్తరమేరూరువారు ఏటేట మనుష్యులను మార్చుటలో ఈ మర్మము కలదు. సభ ఒకని తేజస్సుపై కాక, నియమముపై నిలువవలెను. నియమ మొక్కటియే యుండి సమ్మతి లేనిచో ప్రభుత్వపు మునిసిపాలిటీ యగును. సమ్మతి యుండి నియమము వేరూననిచో రామనగర మగును. రెండును కలిసినపుడే నిజమైన సభ.

కాలక్రమమున చీరాల పురపాలక సంఘమే అయినది. పేరాలయు అందులో చేరినది. స్వతంత్ర భారతమున అచ్చటివారే అచ్చటి సభ్యుల నెన్నుకొనుచున్నారు. మునిసిపాలిటీ యను పేరు అచ్చటివారికి శత్రువు కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు. అడుగకుండ వచ్చినదే వారికి శత్రువు.

నేటి గ్రామసభ

స్వాతంత్ర్యానంతరము మన రాజ్యాంగమున 40వ అధికరణము గ్రామపంచాయతీలను నెలకొల్పవలెనని ఆదేశించెను. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము మూడంతస్తుల పంచాయతీరాజ్యమును సిఫారసు చేసెను. 1959 అక్టోబరు 2న రాజస్థానమందలి నాగౌరులో నెహ్రూగారు దానిని ప్రారంభించిరి. ఆ యేడే ఆంధ్రప్రదేశమును ఆ బాట పట్టెను. మద్రాసు చట్టము క్రింద నున్న ఆంధ్రప్రాంతపు పంచాయతీలను, హైదరాబాదు చట్టము క్రింద నున్న తెలంగాణపు పంచాయతీలను 1964 చట్టము ఒక్కటి చేసెను. 1992లో ఆమోదింపబడి 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగసవరణము గ్రామసభకు రాజ్యాంగప్రతిష్ఠ కలిగించెను. స్త్రీలకు మూడవవంతుకు తక్కువకాని స్థానములును, షెడ్యూల్డు కులములకు తెగలకు జనసంఖ్య ననుసరించిన స్థానములును ఏర్పడెను. ఉత్తరమేరూరు కుండలో పేరు పడనివారందరి పేర్లును ఇప్పుడు ఓటర్ల జాబితాలో నున్నవి.

గ్రామసభ యనగా పంచాయతీ సభ్యుల కూటమి కాదు. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాడును, ప్రతి స్త్రీయు దాని సభ్యులే. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ఆ సభ యెదుట ఉంచవలసిన విషయములను పేర్కొన్నది. సంవత్సరపు జమాఖర్చుల పట్టిక, ఆడిటు నివేదిక, ఆ యేటి పనుల కార్యక్రమము వానిలో కలవు. వానితో పాటు, క్రొత్త పన్నులు వేయుటకును, ఉన్న పన్నులు పెంచుటకును సంబంధించిన ప్రతిపాదనలును అచ్చట ఉంచవలెనని చట్టము చెప్పెను. చీరాలవారు ఏ ప్రశ్నకై ఇండ్లు విడిచిరో ఆ ప్రశ్న అడుగు హక్కు నేడు పల్లెటూరివానికి చట్టముచే లభించినది. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట 2018లో అచ్చట వేరు పంచాయతీరాజ్ చట్టము వచ్చెను. అందును గ్రామసభకు స్థానము కలదు.

చిన్న పట్టణముల స్థితి కొంత భిన్నమైనది. 74వ సవరణము మూడు లక్షలు, లేక అంతకు మించిన జనముగల పురపాలక సంఘములలోనే వార్డు సంఘములను తప్పనిసరి చేసెను. అంతకు తక్కువ జనముగల పట్టణములలో ఆ యేర్పాటు రాష్ట్రశాసనములకు విడిచిపెట్టబడెను. అనగా పౌరుడు స్వయముగా కూర్చుండి అడుగు సభ విషయమున పల్లెవానికి రాజ్యాంగమిచ్చిన చోటు చిన్న పట్టణపువానికి అంత గట్టిగా లేదు. చీరాల వంటి పట్టణములవారు ఈ విషయమును మరువరాదు.

హక్కు లభించుట ఒకటి, దానిని వాడుకొనుట మరియొకటి. తీర్మానపు పుస్తకమును ఇంటింటికి పంపి సంతకములు చేయించినచో గ్రామసభ జరిగినట్లు కాగితమున కనబడును. దండోరా వేసిన దినమున పనులున్నవని ఎవరికి వారు పొలమునకు పోయినచో పదిమందితో సభ ముగియును. తరువాత ఇంటిపన్ను పెరిగినదనియు, కుళాయి రాలేదనియు అరుగులమీద విచారించుట వ్యర్థము. చీరాలలో ప్రజలడిగిరి, వినువారు లేకపోయిరి. నేడు వినవలసిన సభ కలదు, అడుగువారు రావలసియున్నది. ఒకటి అధికారుల దోషము. రెండవది ప్రజల దోషము. ఫలితము మాత్రము రెంటను ఒక్కటియే, సభ లేని తీర్మానము.

ఈ విషయమున గ్రంథాలయమునకును పాత్ర కలదు. 1948 నాటి మద్రాసు చట్టము స్వతంత్ర భారతమున మొట్టమొదటి గ్రంథాలయచట్టము. అది గ్రంథాలయములకై ప్రత్యేకపు పన్నును విధించెను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమును అట్లే చేసెను. స్థానికసంస్థ ఇంటిపన్నుతో కలిపి గ్రంథాలయపు పన్నును వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. కావున ఇంటిపన్ను కట్టు ప్రతి గృహస్థుడును, చదువు వచ్చినను రాకున్నను, గ్రంథాలయములకు పోషకుడే. వసూలైన సొమ్ము జమపడెనా యని గ్రామసభలో అడుగుట కూడ అతని హక్కే.

ఇరువదియైదు సంవత్సరములుగా ఊరివారికి పత్రికయు, పుస్తకమును అందించిన ఈ గ్రంథాలయపు బల్లపై ఇకముందు మూడు కాగితములుండుట మేలు. ఒకటి గ్రామసభ జరుగు తేదీ, వేళ తెలుపు ప్రకటన. రెండవది పంచాయతీ సంవత్సరపు జమాఖర్చుల పట్టిక. మూడవది గడచిన సభలో చేసిన తీర్మానముల నకలు. చదువ వచ్చినవారు రానివారికి చదివి వినిపింతురు. చదివినవానికి ప్రశ్న పుట్టును. ప్రశ్న పుట్టినవాడు సభకు పోవును. సభలో పదుగురి యెదుట అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పక తప్పించుకొనుట ఎంతటివానికిని కష్టము. ఉత్తరమేరూరు పెద్దలు లెక్కను రాతిపై నిలిపిరి. చీరాల నేతగాండ్రు ప్రశ్నను పాకలలో నిలిపిరి. ఆ రెంటిని గ్రామసభలో నిలుపుట నేటి పాఠకుల వంతు.